సోలార్ లాభం కరెంటు బిల్లు చివరి శ్లాబులో ఉంది

ఇంటి మీద సోలార్ పెట్టించుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకు సాధారణంగా రెండు రకాల సమాధానాలు దొరుకుతాయి. ఎండ ఫ్రీ, కరెంటు ఫ్రీ, కళ్లు మూసుకుని పెట్టించెయ్యండి అని వెండర్లు చెబుతారు. మా బావమరిది రెండు లక్షలు పోసి పెట్టించాడు, కరెంటు పోతే ఇంట్లో ఒక్క లైటు కూడా వెలగట్లేదు అని పెళ్లిలో పక్కన కూర్చున్న పెద్దాయన చెబుతాడు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది కాబట్టి విన్నవాళ్లు ఎటూ తేల్చుకోలేక వదిలేస్తారు. నిజానికి తేల్చాల్సింది నెలనెలా మన ఇంటికొచ్చే బిల్లే. దాన్ని కాస్త ఓపిగ్గా చదివితే సోలార్ ఎవరికి తప్పకుండా లాభమో, ఎవరు తొందరపడక్కర్లేదో, ఎన్ని కిలోవాట్ల దగ్గర ఆగాలో తెలిసిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు 2025-26 టారిఫ్, అంటే శ్లాబుల వారీగా యూనిట్ ధర, ఇలా ఉంది. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90. అక్కడి నుంచి 75 దాకా రూ.3. 125 దాకా రూ.4.50. 225 దాకా రూ.6. 400 దాకా రూ.8.75. ఆపైన రూ.9.75. అంటే ఒకే ఇంట్లో ఒకే నెలలో మొదటి యూనిట్‌కు రెండు రూపాయలు కూడా పడదు, చివరి యూనిట్‌కు దాదాపు తొమ్మిది రూపాయలు పడుతుంది. ఏసీ, గీజర్, ఫ్రిజ్ ఉండి నెలకు 400 యూనిట్లు వాడే కుటుంబానికి ఎనర్జీ ఛార్జీ రూ.2,548 వస్తుంది. ఇందులో మొదటి 225 యూనిట్ల వాటా రూ.1,017 మాత్రమే. మిగతా 175 యూనిట్లే రూ.1,531 లాగేస్తున్నాయి. ఫిక్స్‌డ్ ఛార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు ఇవన్నీ దీనికి అదనం.

సోలార్ ఈ బిల్లును కింది నుంచి కాదు, పై నుంచి కోస్తుంది. మొత్తం విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదే. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి, నెలకు 120. నెట్ మీటరింగ్‌లో మనం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి తీసుకున్న యూనిట్లలోంచి మనం గ్రిడ్‌కు, అంటే వాళ్ల లైన్లలోకి, పంపినవి తీసేసి, మిగిలినదానికే శ్లాబు లెక్క వేస్తారు. అందుకే సోలార్ ముందుగా తీసేసేది ఖరీదైన యూనిట్లనే.

అదే 400 యూనిట్ల ఇంటికి ఒక్కో కిలోవాట్ ఏం చేస్తుందో చూద్దాం. మొదటి కిలోవాట్ 120 యూనిట్లను రూ.8.75 శ్లాబులోంచే తీసేస్తుంది కాబట్టి నెలకు రూ.1,050 మిగులుతుంది. రెండో కిలోవాట్ కొంత ఆ శ్లాబులోంచి, కొంత ఆరు రూపాయల శ్లాబులోంచి తీస్తుంది. మిగిలేది రూ.871. మూడోది ఇంకా కిందికి దిగి రూ.540 మిగులుస్తుంది. ఆ తర్వాత బిల్లులో 40 యూనిట్లే ఉంటాయి, వాటి ధర రూ.87. నాలుగో కిలోవాట్ పెట్టించడమంటే ఈ 87 రూపాయల కోసం, ఇంకా డిస్కం తక్కువ రేటుకు కొనుక్కునే మిగులు యూనిట్ల కోసం యాభై వేలకు పైగా ఖర్చు పెట్టడం. "ఎలాగూ పెట్టిస్తున్నారు కదా సార్, ఐదు కిలోవాట్లు వేసెయ్యండి" అని వెండర్ అంటే ఈ లెక్క చేతిలో ఉండాలి. ఇంట్లోకి ఎలక్ట్రిక్ కారో రెండో ఏసీయో వచ్చే అవకాశం ఉంటే సంగతి వేరు. అప్పుడు వాడకం పెరిగి శ్లాబులు మళ్లీ పైకి వెళ్తాయి.

తెలంగాణలో శ్లాబులకు తోడు ఒక గోడ కూడా ఉంది. అది 200 యూనిట్ల దగ్గర ఉంటుంది. నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80 లెక్కన రూ.820 పడుతుంది. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే మొత్తం 200 యూనిట్లకూ రూ.5.10 వేసి, ఆపై యూనిట్‌కు రూ.7.70 వేస్తారు. బిల్లు రూ.1,027 దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! బిల్లు రీడింగ్ నాలుగు రోజులు ఆలస్యమైతే హైదరాబాద్‌లో జనం ఎందుకు గొడవపడతారో దీన్ని చూస్తే అర్థమవుతుంది. 300 యూనిట్ల ఇంటికి అక్కడ బిల్లు రూ.1,790. ఒకే ఒక్క కిలోవాట్ సోలార్ పెడితే నెట్ వాడకం 180కి దిగి బిల్లు రూ.724 అవుతుంది. నెలకు వెయ్యికి పైగా ఆదా. ఆదా అయ్యిందాంట్లో సుమారు ఐదో వంతు యూనిట్లు తగ్గడం వల్ల కాదు, గోడకు ఇవతలికి రావడం వల్ల వచ్చింది. చిన్న సిస్టమ్‌కు ఇంత ఫలితం ఉంటుందని చాలామందికి తెలియదు.

ఇదే లెక్క రెండో వైపు కూడా చూపించాలి. తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సొంత డబ్బుతో సోలార్ పెట్టించాల్సిన అవసరం ఇప్పుడైతే లేదు. ఆంధ్రాలో నెలకు 100 యూనిట్లు వాడే చిన్న కుటుంబం బిల్లు మూడు వందల చిల్లర. వాళ్ల మీద ఎవరైనా వెండర్ ఒత్తిడి తెస్తే మర్యాదగా పంపించెయ్యడం మంచిది. అయితే ఆంధ్రాలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2 కిలోవాట్ల సిస్టమ్‌ను ఉచితంగా పెట్టిస్తోంది. బీసీలకు 2 కిలోవాట్లకు కేంద్ర సబ్సిడీ మీద మరో రూ.20,000 ఇస్తోంది. అర్హత ఉన్నవాళ్లు దీన్ని వదులుకోకూడదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల దాకా కరెంటు ఖర్చును ప్రభుత్వం ఎలాగూ ఏటా భరిస్తోంది. ఒకసారి ప్యానెళ్లు పెట్టేస్తే ఆ భారం తగ్గుతుంది, ఆ ఇంటికి సొంత ఆస్తి ఒకటి మిగులుతుంది. ఇది నాకు నచ్చిన ఆలోచన.

సబ్సిడీ కూడా అదే మాట చెబుతోంది

ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్లు లక్ష్యం, కేటాయింపు రూ.75,021 కోట్లు. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, మూడోదానికి రూ.18,000. మొత్తం రూ.78,000. ఆపైన ఎన్ని పెట్టినా ఒక్క రూపాయి పెరగదు. ఇంటి బిల్లులో లాభం ఎక్కడ సన్నగిల్లుతుందో సబ్సిడీ కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లలోని సెల్స్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. వీటినే డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. దిగుమతి సెల్స్‌తో చేసినవాటి కంటే వీటి ధర ఎక్కువ. కొటేషన్‌లో ఈ మూడక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోకపోతే తర్వాత ఖాతాలో డబ్బు పడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి అంతకుముందు తీసుకున్న కొటేషన్ ఉంటే మళ్లీ అడిగి తీసుకోండి.

మూడు కిలోవాట్లకు మార్కెట్లో సుమారు రూ.1.8 లక్షల నుంచి రూ.2.1 లక్షల దాకా చెబుతున్నారు. సబ్సిడీ పోను చేతి నుంచి పడేది దాదాపు లక్షా ఇరవై వేలు అనుకుందాం. పైన చెప్పిన 400 యూనిట్ల ఇంటికి నెలకు రూ.2,461 ఆదా, ఏడాదికి రూ.29,500. నాలుగేళ్ల చిల్లరలో పెట్టుబడి తిరిగి వస్తుంది. ప్యానెళ్లకు పనితీరు వారంటీ మామూలుగా 25 ఏళ్లు ఉంటుంది. ఏటా సుమారు అర శాతం శక్తి తగ్గుతూ వచ్చినా చివర్లో ఎనభై శాతానికి పైనే పనిచేస్తాయి. మధ్యలో సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) ఒకసారి మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు ముందే మనసులో పెట్టుకోవాలి. చేతిలో డబ్బు లేకపోతే బ్యాంకులు 3 కిలోవాట్ల దాకా రూ.2 లక్షల వరకు తనఖా లేకుండా అప్పు ఇస్తున్నాయి. లక్షా ఇరవై వేలకు 7 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ రూ.2,380 దగ్గర ఉంటుంది. డిస్కంకు కట్టే డబ్బే బ్యాంకుకు కడుతున్నట్టు, కాకపోతే ఐదేళ్ల తర్వాత కట్టక్కర్లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్క సగటు మీద వేసింది. నిజమైన ఇంట్లో మే నెలలో 600 యూనిట్లు కాలుతాయి, డిసెంబర్‌లో 200 కూడా దాటవు. డిసెంబర్‌లో మిగిలింది తర్వాతి నెలలకు జమ అవుతుంది కానీ, డిస్కం లెక్క తేల్చే సెటిల్‌మెంట్ తేదీ నాటికి వాడుకోకుండా మిగిలినదానికి డిస్కం ఇచ్చే రేటు మనం కొనే రేటు కంటే తక్కువ. అందుకే సైజు నిర్ణయించేముందు ఒక్క మే బిల్లు చూసి కాదు, పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని మొత్తం కూడి చూడాలి. ఇంకోటి, బిల్లు పూర్తిగా సున్నా అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి ఎలాగూ వస్తాయి.

కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది

పెళ్లిలో పెద్దాయన చెప్పింది నిజమే. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపి పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్, లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోతుంది, నడినెత్తిన ఎండ మండుతున్నా సరే. దీన్ని లోపం అనుకుంటారు కానీ, కావాలని పెట్టిన భద్రత ఇది. ఊళ్లో సరఫరా ఆపి లైన్‌మన్ స్తంభమెక్కి తీగ పట్టుకున్నప్పుడు, నాలుగిళ్ల అవతల మన మేడ మీది నుంచి కరెంటు ఆ తీగలోకి వెళ్తే ఆయన ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ లేదని గుర్తించగానే ఇన్వర్టర్ క్షణాల్లో తనంతట తానే ఆగిపోవాలి. ఈ ఏర్పాటు లేని సిస్టమ్‌కు నెట్ మీటర్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలో రెండు దారులున్నాయి. బ్యాటరీతో వచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఒకటి. ఇది ఖర్చును బాగా పెంచుతుంది, పెట్టుబడి తిరిగి రావడానికి పట్టే కాలం కూడా సాగుతుంది. చాలా ఇళ్లలో ఇప్పటికే ట్యూబులర్ బ్యాటరీతో మామూలు ఇన్వర్టర్ ఉంటుంది. దాన్ని అలాగే ఉంచుకుంటే కోత సమయంలో ఫ్యాన్లు, లైట్లు అది చూసుకుంటుంది, బిల్లు తగ్గించే పని ఆన్‌గ్రిడ్ సోలార్ చేస్తుంది. రోజుకు గంటో రెండు గంటలో కోత ఉన్న ఇంటికి రెండో దారే మేలని నా నమ్మకం. ఎవరైనా ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ మీద ఉంటే బ్యాటరీ గురించి లెక్క వేరేగా ఆలోచించాలి.

మేడ మీద నిలబడి చూడాల్సినవి

మనవాళ్లలో బలంగా ఉన్న అపోహ ఒకటుంది. రెంటచింతలలో, రామగుండంలో ఎండ మాడ్చేస్తుంది కాబట్టి అక్కడ సోలార్ దంచేస్తుందని. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మే మధ్యాహ్నం మేడ మీద సెల్ ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున పడిపోతుంది కాబట్టి ఆ వేళ పన్నెండు, పదమూడు శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మన దగ్గర ఉత్పత్తి బాగా కనిపించేది ఆకాశం తేటగా ఉండి వేడి ఇంకా ముదరని ఫిబ్రవరి, మార్చి నెలల్లో. జులై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల తగ్గుతుంది. ప్యానెల్‌కు, మేడ శ్లాబుకు మధ్య గాలి ఆడేలా ఎత్తు ఉంచడం ఇందుకే. ఆ ఎత్తును ఏడెనిమిది అడుగులకు పెంచితే కింద బట్టలు ఆరేసుకోవచ్చు, ఎండాకాలం వడియాలు పెట్టుకోవడానికి పక్కన చోటూ మిగులుతుంది. పై అంతస్తు గదుల్లో వేడి కూడా తగ్గుతుంది. కాకపోతే స్ట్రక్చర్ ఖర్చు పెరుగుతుంది.

వేడి కంటే పెద్ద శత్రువు నీడ. ప్యానెళ్లను వరసగా ఒకదానికొకటి కలుపుతారు. వరసలో ఒకదాని మీద నీడ పడితే నష్టం ఆ ఒక్కదానితో ఆగదు, వరస మొత్తం దెబ్బతినొచ్చు. ప్యానెల్‌లో ఉండే బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి కానీ పూర్తిగా కాదు. తెలుగు ఇళ్లలో ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో, మేడ మీద అన్నింటికంటే ఎత్తులో పెడతాం. ప్యానెళ్లు దక్షిణం వైపు తిరిగి ఉండాలి, సుమారు 12 నుంచి 18 డిగ్రీల వాలుతో. మధ్యాహ్నం దాటాక పడమటికి వాలిన సూర్యుడు ఆ ట్యాంకు నీడను సరిగ్గా మేడ మధ్యకు తెచ్చిపడేస్తాడు. కాబట్టి వెండర్ ఉదయం పది గంటలకు వచ్చి టేపు పట్టి కొలుచుకుని వెళ్తే సరిపోదు. మూడింటికి ఎక్కి చూడమనండి. ఇంకా ముఖ్యం, నీడను డిసెంబర్‌లో చూడాలి. మే, జూన్ నెలల్లో సూర్యుడు దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తాడు కాబట్టి నీడలు పొట్టిగా ఉంటాయి. డిసెంబర్ చివర్లో విజయవాడలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణాన ఉన్న కొబ్బరిచెట్టు, పక్కింటి పెంట్‌హౌస్ అప్పుడే తమ నీడ చూపిస్తాయి. దక్షిణం వైపు ఖాళీ స్థలం ఉంటే రేపు అక్కడ నాలుగంతస్తులు లేస్తాయేమో కూడా ఆలోచించుకోవాలి.

తీరప్రాంతం వాళ్లు స్ట్రక్చర్ దగ్గర పిసినారితనం చూపకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి గంటకు 170 కిలోమీటర్లు దాటింది. ప్యానెల్ అంటే గాలికి ఎదురు నిలబడే పెద్ద పలక, ఒక్కోటి పాతిక కిలోలకు పైనే బరువు. లేచిందంటే మన నష్టంతో పోదు, కింద మనుషులుంటారు. బాగా గాల్వనైజ్ చేసిన స్టీలు, శ్లాబులోకి గట్టిగా దిగిన యాంకర్లు, ఉప్పుగాలికి తట్టుకునే బోల్టులు కొటేషన్‌లో రాయించుకోండి. యాంకర్ల కోసం రంధ్రాలు వేసేటప్పుడు శ్లాబులోకి నీళ్లు దిగకుండా సీల్ చేసే బాధ్యత ఎవరిదో కూడా రాయించాలి.

కడగడం పెద్ద పనేమీ కాదు. పొద్దున్నే ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు, మెత్తటి గుడ్డతో. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చన్నీళ్లు పొయ్యకూడదు. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి అవి ఆరితే తెల్లటి పొర కడుతుంది, అది దుమ్ము కంటే మొండిది. ట్యాంకు నీళ్లు ఉప్పగా ఉంటే కడిగాక వైపర్‌తో లాగెయ్యాలి.

ఈ లెక్క ఎప్పటికీ ఇలాగే ఉంటుందా

నెట్ మీటరింగ్‌లో పగలు మనమిచ్చే యూనిట్‌కు, రాత్రి మనం తీసుకునే యూనిట్‌కు ఒకే విలువ. డిస్కంకు ఇది భారమే. పగలు గ్రిడ్‌లో సోలార్ కరెంటు పుష్కలంగా ఉంటుంది, రాత్రి ఏడు గంటలకు అందరూ టీవీలు, ఏసీలు వేసినప్పుడు అదే డిస్కం ఖరీదైన కరెంటు తెచ్చుకోవాలి. పైగా పై శ్లాబుల్లో ఉన్నవాళ్లు కట్టే డబ్బుతోనే కింది శ్లాబుల రేట్లు తక్కువగా ఉంచగలుగుతున్నారు. పై శ్లాబుల వాళ్లంతా సోలార్‌కు మళ్లితే ఆ సొమ్ము ఎక్కడి నుంచి రావాలి? ఈ ప్రశ్న నిజమైనది, దీన్ని తోసిపారెయ్యకూడదు. కాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్లకు ఇది అనుభవమే. 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు గ్రిడ్‌కు పంపే యూనిట్ విలువను అక్కడ సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గించేశారు. అంతకుముందు పెట్టించుకున్నవాళ్లకు పాత నిబంధనలే కొనసాగాయి.

దీన్నుంచి ఇంటి యజమాని తీసుకోవాల్సినవి రెండున్నాయి. పెట్టించాలనుకునేవాళ్లు నిబంధనలు అనుకూలంగా ఉన్నప్పుడే పెట్టించుకోవడం ఒకటి. పగటిపూట తయారైన కరెంటును పగలే వాడుకునే అలవాటు రెండోది. వాషింగ్ మెషిన్, బోరు మోటారు, నీళ్ల ట్యాంకు నింపడం, ఇస్త్రీ, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ పది నుంచి మూడింటి మధ్యకు మార్చుకుంటే రేపు నిబంధనలు ఎటు మారినా మన లాభం పెద్దగా కదలదు. డబ్బు లెక్కకు అవతల ఉన్నది కూడా చెప్పాలి. మూడు కిలోవాట్లు ఏడాదికి నాలుగు వేలకు పైగా యూనిట్లు ఇస్తాయి. మన గ్రిడ్‌లో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గు కరెంటే కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే ఒక్క మేడ ఏటా మూడు టన్నుల దాకా ఆపుతుంది. ఇబ్రహీంపట్నంలోనో పాల్వంచలోనో థర్మల్ పొగ కింద బతికేవాళ్లకు ఇది అంకెల్లో మాత్రమే ఉండే సంగతి కాదు.

అపార్ట్‌మెంట్ల వాళ్లకు మేడ అందరిదీ కాబట్టి చిక్కు వేరు. అక్కడ మొదట చూడాల్సింది లిఫ్టు, బోరు మోటారు, కారిడార్ లైట్ల కామన్ మీటర్. అసోసియేషన్ తరఫున పెట్టిస్తే కిలోవాట్‌కు రూ.18,000 సబ్సిడీ ఉంది, నెలనెలా వసూలు చేసే మెయింటెనెన్స్ తగ్గుతుంది. అద్దెకు ఇచ్చిన ఇంట్లో యజమాని పెట్టుబడి పెడితే బిల్లు తగ్గేది అద్దెకున్నవాళ్లకు. అద్దెలో సర్దుబాటు ముందే మాట్లాడుకోకపోతే ఇద్దరికీ మనస్పర్థలు.

పద్ధతి మునుపటంత కష్టంగా లేదు. సూర్యఘర్ పోర్టల్‌లో సర్వీస్ నంబర్‌తో నమోదు చేసుకుని, నమోదైన వెండర్‌ను ఎంచుకోవాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సవరించాక 10 కిలోవాట్ల లోపు సిస్టమ్‌లకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టు లెక్క. 5 కిలోవాట్ల లోపు అయితే ట్రాన్స్‌ఫార్మర్, లైన్ల బలోపేతం ఖర్చు కూడా డిస్కందే. బిగించాక అధికారులు తనిఖీ చేసి నెట్ మీటర్ పెడతారు, ఆ తర్వాత సబ్సిడీ నేరుగా ఖాతాలో పడుతుంది. వెండర్ ఐదేళ్ల మెయింటెనెన్స్ చేయాలన్నది పథకం షరతు, కాబట్టి దానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు. మొత్తం డబ్బు మాత్రం నెట్ మీటర్ తిరిగేదాకా చేతిలోంచి వదలకండి, కొంత ఆపుకోండి.

నెట్ మీటర్ పెట్టాక వచ్చే మొదటి బిల్లును దగ్గర కూర్చుని చూడాలి. అందులో ఇంపోర్ట్ (మనం తీసుకున్నది), ఎక్స్‌పోర్ట్ (మనం గ్రిడ్‌కు పంపింది) అని రెండు రీడింగులు ఉండాలి. మీటర్ మీద కూడా బటన్ నొక్కితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి, ఇన్వర్టర్ యాప్‌లో మొత్తం ఉత్పత్తి కనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ సున్నా అని వచ్చినా, బిల్లు పాత పద్ధతిలో మొత్తం ఇంపోర్ట్ మీదే వేసినా ఆ వారమే డిస్కం సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కు) రాతపూర్వకంగా ఇచ్చి, మీటర్ ఫొటోలు జత చేయాలి. నెలలు గడిచాక సరిచేయించడం కంటే మొదటి నెలలో సరిచేయించడం చాలా తేలిక.